క్రిములు లేని నీళ్లలో ఆర్సెనిక్

1970ల నాటికి బంగ్లాదేశ్ పల్లెల్లో చాలామంది తాగేది చెరువు నీళ్లే. కలరా, విరేచనాలతో పసిపిల్లలు రాలిపోయేవారు. అందుకే యూనిసెఫ్ సాయంతో ప్రభుత్వం ఊరూరా చేతి పంపులు వేయించింది. జనానికి నమ్మకం కుదిరాక సొంత డబ్బుతో ఇళ్ల దగ్గరే వేయించుకున్నారు. క్రిముల బెడద తగ్గింది. ఆ పంపు నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందేమో మాత్రం ఎవరూ చూడలేదు. అప్పటి మామూలు నీటి పరీక్షల్లో అది లేదు.

గుట్టు ముందు సరిహద్దుకు ఇవతల బయటపడింది. 1983లో కోల్‌కతాలో చర్మవ్యాధుల వైద్యుడు కె.సి. సాహా, పశ్చిమ బెంగాల్ పల్లెల నుంచి వచ్చిన రోగుల్లో ఆర్సెనిక్ వల్ల వచ్చే జబ్బును గుర్తించారు. ఒంటి మీద చినుకులు పడ్డట్టు మచ్చలు, అరచేతులూ అరికాళ్లూ గట్టిపడి లేచిన బొడిపెలు. కుష్ఠు అనుకుని ఊళ్లో దూరం పెట్టినవాళ్లూ ఉన్నారు. ఈ లక్షణాలు కనపడటానికే ఏళ్లు పడుతుంది. ఆపైన చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయాల్లో క్యాన్సర్ ముప్పు. నీటికి రుచి, వాసన, రంగు ఏమీ మారవు. కాచినా లాభం లేదు, నీరు ఆవిరై విషం ఇంకాస్త చిక్కబడుతుంది.

ఇది ఫ్యాక్టరీల పాపం కాదు. హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రులో ఇనుప రేణువులను అంటుకుని ఆర్సెనిక్ ఉంటుంది. గాలి ఆడని నేల అడుగున సూక్ష్మజీవులు ఆ ఇనుమును కరిగిస్తే, ఆర్సెనిక్ కూడా నీళ్లలో కలుస్తుంది. నల్లగొండ ఫ్లోరైడ్ తెలిసిన మనకు భూగర్భ జలమంటే శుద్ధజలం కాదని వేరే చెప్పనక్కర్లేదు.

బంగ్లాదేశ్‌లో అధికారికంగా బయటపడింది 1993లో, చాపాయ్ నవాబ్‌గంజ్‌లో. అంతకు ఏడాది ముందే బ్రిటన్ భూగర్భ పరిశోధన సంస్థ బ్రిటిష్ జియొలాజికల్ సర్వే ఆ దేశంలో మరోచోట నీటిని పరీక్షించింది, ఆర్సెనిక్ కోసం తప్ప! బాధితులు కేసు వేస్తే, ఆ సంస్థకు అంత బాధ్యత లేదని 2006లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. 2000 నాటి అంచనా ప్రకారం ముప్పులో ఉన్నవారు 3.5 కోట్ల నుంచి 7.7 కోట్లు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో పరిమితిని లీటరుకు 50 మైక్రోగ్రాముల నుంచి 10కి తగ్గించినా, బంగ్లాదేశ్ 50 దగ్గరే ఆగింది. పంపులను పరీక్షించి మంచివాటికి ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు రంగు వేశారు. రంగైతే వేశారు గానీ, ఎర్ర పంపు వాళ్లు నీళ్లకు ఎటు పోవాలి? 150 మీటర్ల కంటే లోతుకు వెళ్తే చాలావరకు మంచి నీరే పడుతుంది. అంత బోరు సామాన్యుడి తరం కాదు. సర్కారు వేసే లోతు బోర్లేమో నాయకుల మనుషుల వాకిళ్లకు చేరుతున్నాయని 2016లో మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక బయటపెట్టింది. అప్పటికింకా సుమారు 2 కోట్ల మంది ఆర్సెనిక్ నీళ్లే తాగుతున్నారని కూడా అందులోనే ఉంది.