రబ్బరు పురుగుల వాసన

1964లో అమెరికాలో మ్యాటెల్ కంపెనీ పిల్లల కోసం ఒక సెట్ తెచ్చింది. కరెంటుతో వేడెక్కే చిన్న ప్లేటు, సాలీడు, తేలు లాంటి ఆకారాలు చెక్కిన లోహపు అచ్చులు, సీసాల్లో రంగురంగుల చిక్కటి ద్రవం. ద్రవం పేరు ప్లాస్టిగూప్, తయారయ్యే పురుగుల పేరు క్రీపీ క్రాలర్స్. ప్లేటు వేడి దాదాపు 200 డిగ్రీల సెల్సియస్‌కి చేరేది, పైన మూత కూడా లేదు. ఇప్పుడైతే అలాంటిది పిల్లల చేతికి ఎవరూ ఇవ్వరు. అప్పట్లో మాత్రం చేతులు కాల్చుకుంటూనే ఆడారు.

అసలు మజా అచ్చు నింపడంలో ఉంది. సాలీడు కాళ్ల గాడి సన్నగా ఉంటుంది. సీసా కొంచెం గట్టిగా నొక్కితే నల్లరంగు పొంగి, పక్కనే పోసిన ఆకుపచ్చ పొట్టలో కలిసిపోతుంది. తక్కువ పోస్తే కాలు విరుగుతుంది. గాలి బుడగ ఉండిపోతే వీపు మీద గుంట పడుతుంది.

ఆ ద్రవం ప్లాస్టిసాల్. అంటే పీవీసీ ప్లాస్టిక్ సన్నటి రేణువులు ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో తేలుతుంటాయి. మామూలు వేడిలో రెండూ ఎవరి దారిన అవి ఉంటాయి. కాల్చినప్పుడు రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఉబ్బుతాయి, వేడి ఇంకా పెరిగితే ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దవుతాయి. చల్లారాక రబ్బరులా సాగుతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిసొన కానట్టే, అది తిరిగి సీసాలోకి పోసే ద్రవం కాదు. తక్కువ కాలిస్తే జిగటగా ఉండిపోతుంది, ఎక్కువైతే మాడి పొగ వస్తుంది. ఇల్లంతా ఘాటు వాసన.

1992లో టాయ్‌మ్యాక్స్ అనే కంపెనీ ఈ ఆటను మళ్లీ తెచ్చింది. ఈసారి వేడికి లైటుబల్బు, చల్లారేదాకా తెరుచుకోని తలుపు. 1994లో అదే పేరుతో సాబాన్ సంస్థ కార్టూన్ వచ్చింది. అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1984లో టీవీ ప్రకటనల సమయంపై పరిమితులు ఎత్తేశాక, బొమ్మలు అమ్మడానికి కార్టూన్లు తీయడం అక్కడ మామూలైపోయింది. కథలో మాయ ఓవెన్ లోంచి ప్రాణమున్న పురుగులు పుట్టుకొస్తాయి. ఐడియా బాగానే ఉంది. కానీ పురుగుకు పేరు, గుణం, శత్రువు అన్నీ ముందే రాసిపెట్టి ఉంటే పిల్లలకు మిగిలేది చూడటమే. నా లెక్కలో అది అరగంట ప్రకటన. రెండు సీజన్లతో ఆగిపోయింది.

ఆ ఆట ఆడినవాళ్లకు కార్టూన్ కథ కన్నా కాలిన ప్లాస్టిక్ వాసనే ముందు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. చూపు, శబ్దం మెదడులో థాలమస్ అనే మజిలీ దాటాకే ముందుకు వెళ్తాయి. వాసనకు ఆ మజిలీ తప్పనిసరి కాదు. ముక్కు నుంచి వచ్చే సంకేతాలు భావోద్వేగాలకు సంబంధించిన అమిగ్డలా దగ్గరికి దాదాపు నేరుగా చేరతాయి, జ్ఞాపకాలను చూసే హిప్పోక్యాంపస్ కూడా దగ్గర్లోనే ఉంటుంది. మాటలు, చిత్రాలు చూపించి పెద్దవాళ్లను జ్ఞాపకాలు అడిగితే ఎక్కువగా టీనేజీ, ఇరవైల నాటివి చెబుతారు. అదే వాసన చూపిస్తే పదేళ్లలోపువి బయటపడుతున్నాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించారు. అచ్చులు నింపే వయసు కూడా సరిగ్గా అదే.