పక్షుల శాస్త్రీయ నామాల్లో మనుషులు: ఒక 'ఐ', రెండు 'ఐ'ల వెనుక కథ

మనుషుల పేర్లతో ఉన్న పక్షుల ఇంగ్లిష్ పేర్లను మార్చేస్తామని 2023 నవంబరులో అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ అనే పక్షి శాస్త్రవేత్తల సంఘం ప్రకటించింది. బానిసత్వం కోసం పోరాడిన సైన్యాధికారుల పేర్లు పక్షులకు ఎందుకన్నది అక్కడ చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్న. అలాంటి జనరల్ మక్కౌన్ పేరున్న మక్కౌన్స్ లాంగ్‌స్పర్ అనే పిట్టకు 2020లోనే ఇంగ్లిష్ పేరు మార్చారు. దాని శాస్త్రీయ నామంలో మాత్రం ఆ జనరల్ ఇప్పటికీ ఉన్నాడు. జంతువుల నామకరణ నియమాలను చూసే అంతర్జాతీయ కమిషన్ కూడా నైతిక కారణాలతో పాత పేర్లను రద్దు చేయబోమని 2023లో చెప్పేసింది.

ఈ పట్టుదల ఎందుకో తెలియాలంటే అక్షరాల దాకా వెళ్లాలి. జంతువుల శాస్త్రీయ నామాలకు 1758 మొదలు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జీవులకు పేర్లు పెట్టిన పుస్తకం పదో కూర్పు వచ్చిన ఏడాది అది. ఎవరి గౌరవార్థమైనా పేరు పెడితే లాటిన్ షష్ఠీ విభక్తి చేరుస్తారు: మగవాళ్ల పేరుకు 'ఐ' (i), ఆడవాళ్ల పేరుకు 'ఏఈ' (ae), పలువురికి కలిపి అయితే 'ఓరమ్' (orum). చిక్కంతా మొదటిదానితోనే. కొందరు ఇంటిపేరుకు నేరుగా 'ఐ' తగిలించారు. కొందరు ముందు దాన్ని 'ఇయస్' (ius)తో ముగిసే లాటిన్ పేరుగా మార్చి, ఆ తర్వాత విభక్తి చేర్చారు, దాంతో రెండు 'ఐ'లు వచ్చాయి. జెర్డన్ అనే పక్షి పరిశోధకుడి పేరుతో వచ్చిన జెర్డోని (jerdoni)లో ఒకటే, మక్కౌన్ పేరు (mccownii)లో రెండు. తర్వాతివాళ్లు తమకు సరైనదనిపించినట్టు దిద్దుకుంటూ పోవడంతో ఒకే పక్షి రెండు స్పెల్లింగులతో పుస్తకాల్లోకెక్కింది. ఇప్పటి నియమం సూటిగా ఉంటుంది: మొదట పేరు పెట్టినవారు ఎలా రాశారో అదే ఖాయం. తెలిసి దిద్దినా అది తప్పు స్పెల్లింగే. వృక్షశాస్త్రంలో ఇలా కాదు, అక్కడ నియమానికి తగ్గట్టు సరిచేస్తారు.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గౌరవార్థం 2016లో ఒక హిమాలయ పక్షికి salimalii అని పేరు పెట్టారు. దాని చివరి రెండు 'ఐ'లలో మొదటిది అలీ గారిదే. దాన్ని తీసేస్తే ఆయన పేరే విరిగిపోతుంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ 'ఏఈ'. మన అడవుల్లోనూ కనిపించే టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ ఇంగ్లిష్ పేరు వింటే ఎవరో టికెల్ దొర గుర్తొస్తాడు. శాస్త్రీయ నామం టికెల్లియే అంటుంది, అంటే స్త్రీ. మణిపూర్, మిజోరం రాష్ట్ర పక్షి హ్యూమియే. కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకరైన హ్యూమ్ 1881లో దానికి తన భార్య పేరు పెట్టారు. కలకత్తా ప్రధాన న్యాయమూర్తి భార్య మేరీ ఇంపీ తన తోటలో పక్షుల్ని పెంచి, షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్ చేత బొమ్మలు వేయించింది. మోనాల్ పక్షి 1790లో ఆమె పేరుతో ఇంపెజానస్ అయింది. ఇంపీ చివరి 'వై' లాటిన్ వేషంలో 'జె'గా మారింది. ఇలాంటి స్పెల్లింగును సరిచేస్తే చరిత్రలో ఒక మనిషి జాడ పోతుంది. అందుకే కమిషన్ మొండితనం నాకు సబబే అనిపిస్తుంది.

అయినా ఈ పేర్లలో ఎవరున్నారో, ఎవరు లేరో కూడా చూడాలి. నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ పంపిన నమూనాలకు కలకత్తాలో మ్యూజియం క్యురేటర్ ఎడ్వర్డ్ బ్లైత్ పేర్లు పెట్టేవాడు. జెర్డన్ పేరు అలా చాలా పక్షులకు చేరింది. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిన మన కలివి కోడి ఇంగ్లిష్‌లో జెర్డన్స్ కోర్సర్. 1848లో బ్లైత్ పెట్టిన శాస్త్రీయ నామంలో మాత్రం జెర్డన్ లేడు. బైటార్క్వేటస్ అంటే మెడకింద రెండు పట్టీలున్నదని. పక్షుల్ని పట్టిచ్చిన స్థానిక వేటగాళ్ల పేర్లు ఈ నామాల్లో దాదాపు కనిపించవు.

అరుణాచల్‌లోని ఈగిల్‌నెస్ట్‌లో కనిపించిన లియోసిక్లా అనే కొత్త రకం పిట్టకు 2006లో రమణ ఆత్రేయ బుగునోరమ్ అని పేరు పెట్టారు. అక్కడి బుగున్ ప్రజలందరి పేరు అది. సంఖ్య మరీ తక్కువని నమూనా కోసం పక్షిని చంపలేదు. ఫొటోలు, కూత రికార్డింగు, ఊడిన ఈకలతోనే వర్ణన రాశారు.