గరగరలోంచి ఆకాశం

దేవరకొండ దగ్గర మా బత్తాయి తోటలో తాత పొద్దున్నే రేడియో పెట్టేవాడు. గట్టు మీది కరెంటు స్తంభానికి జంపర్ వదులైతే వార్తలు వినపడేవి కావు, ఒకటే గరగర. వదులు తీగ దగ్గర పుట్టే సన్న రవ్వలే అందుకు కారణం. రవ్వ పుట్టినచోటల్లా రేడియో తరంగాలూ పుడతాయి.

పుణెకు ఉత్తరాన ఖోడద్ దగ్గర, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపుకూ ఇదే బాధ. అక్కడ 45 మీటర్ల వెడల్పు డిష్‌లు 30 ఉన్నాయి, పాతిక కిలోమీటర్ల మేర పరుచుకుని.

ఇది ఫొటో తీయదు. డిష్‌ల సంకేతాలను రెండేసి చొప్పున కలిపి చూస్తారు. 30 డిష్‌లంటే 435 జతలు. ఒక్కో జత ఆకాశం గురించి ఒక్కో ముక్క చెబుతుంది. భూమి తిరిగేకొద్దీ కొత్త ముక్కలు దొరుకుతాయి, అయినా ఖాళీలు మిగులుతాయి. అందుకే మొదటి బొమ్మలో ప్రతి చుక్క చుట్టూ ఆకాశంలో లేని చారలు కనిపిస్తాయి. 1974లో యాన్ హోగ్‌బోమ్ అనే ఖగోళ శాస్త్రవేత్త దీనికి 'క్లీన్' అనే ఉపాయం చెప్పాడు. నాకది పత్తి ఏరుడు లాగే ఉంటుంది. అన్నిటికన్నా వెలుగున్న చుక్కను పట్టుకోవాలి. దాని వెలుగులో పదో వంతో ఎంతో, దాని చారలతో సహా బొమ్మలోంచి తీసేసి పక్కన రాసుకోవాలి. మళ్లీ వెతకాలి. పెద్ద చుక్క చారల్లో దాగిన చిన్న చుక్క అప్పుడు బయటపడుతుంది. ఇలా వేలసార్లు చేశాక, రాసుకున్నవన్నీ చారలు లేకుండా తిరిగి పెడతారు.

జీఎంఆర్‌టీ 2010 నుంచి 2012 దాకా 150 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని జల్లెడ పట్టింది. ఆ తరంగాలను పైనున్న అయానోస్ఫియర్, అంటే వాతావరణంలో విద్యుదావేశం నిండిన పై పొర, వంచేస్తుంది. మే నెల ఎండలో తారురోడ్డు మీద దూరపు లారీ అల్లాడినట్టు చుక్కలు అల్లాడతాయి. ఖగోళ శాస్త్రవేత్త హ్యూబ్ ఇంటెమా బృందం ఆ కదలికను దిక్కుదిక్కుకీ విడిగా లెక్కగట్టి, అదే పాత డేటాతో 2016లో కొత్త పటం ఇచ్చింది. ఆకాశంలో 90 శాతం, 6.2 లక్షల రేడియో మూలాలు! దానికోసం కొత్త డిష్ ఒక్కటీ కట్టలేదు. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇదే.

మరి కరెంటు తీగ? భూమి తిరుగుతుంటే ఒక గెలాక్సీ నుంచి రెండు డిష్‌లకు ఉండే దూరాల తేడా మారుతూ పోతుంది. తీగ విషయంలో మారదు, అదీ డిష్‌లూ ఒకే నేల మీద ఉన్నాయి కదా. 2009లో ఖగోళ శాస్త్రవేత్త రమణ ఆత్రేయ, మారకుండా ఉండే భాగం తీగదేనన్న ఈ ఒక్క ఆనవాలునే ఆసరా చేసుకుని, డేటాను పారేయకుండా అందులోంచి తీగ గరగరను మాత్రం తీసేసే పద్ధతి రాశారు. (అరుణాచల్ అడవిలో బుగున్ లియోసిక్లా అనే కొత్త పిట్టను గుర్తించిందీ ఈయనే.)

తాత కూడా గరగర వచ్చిన రోజు రేడియో కట్టేసేవాడు కాదు. గట్టు మీద దాన్ని మెల్లగా తిప్పుతూ, వార్తలు తేటపడిన చోట ఆపేవాడు.