పిట్స్‌బర్గ్ అభిమానుల కోపం వెనక

2025లో సొంతూళ్లో మొదటి మ్యాచ్ రోజునే అమెరికా బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ అభిమానులు "టీమ్ అమ్మెయ్" అంటూ యజమాని బాబ్ నటింగ్ మీద నినాదాలు చేశారు. మన తెలుగువాళ్లకు వేంకటేశ్వరస్వామి గుడితో తెలిసిన ఊరది. అక్కడి ఈ బేస్‌బాల్ కోపం ఒక్క సీజన్‌లో పుట్టింది కాదు.

పైరేట్స్ ఎప్పుడూ ఓడే జట్టేమీ కాదు. అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌ను ఐదుసార్లు గెలిచింది, చివరిసారి 1979లో. నికరాగువా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ 1972 డిసెంబర్ 31న విమాన ప్రమాదంలో చనిపోయిన రాబర్టో క్లెమెంటే ఈ జట్టువాడే.

1992 అక్టోబర్ 14న అట్లాంటాలో అంతా తిరగబడింది. గెలిస్తే వరల్డ్ సిరీస్‌కు వెళ్తారు. చివరి ఇన్నింగ్స్‌లో అట్లాంటా బ్యాటింగ్‌కి వచ్చేసరికి పైరేట్స్‌ది 2-0 ఆధిక్యం. అది 2-1కి తగ్గింది. ఇంకొక్క అవుట్ చాలు అనగా, సీజనంతా దాదాపు ఆడని ఫ్రాన్సిస్కో కాబ్రేరా ఎడమవైపు కొట్టాడు. ఒకరు వచ్చి స్కోరు సమం చేశారు. వెనకే మోకాలి ఆపరేషన్లతో పరుగు తగ్గిన సిడ్ బ్రీమ్. పైరేట్స్ స్టార్ బ్యారీ బాండ్స్ విసిరిన బంతి కంటే క్షణం ముందు అతను జారుతూ, పరుగు పూర్తయ్యే చోటైన హోమ్ ప్లేట్ అందుకున్నాడు. అట్లాంటా 3-2తో గెలిచింది. ఆ బ్రీమ్ రెండేళ్ల కిందటిదాకా పైరేట్స్ ఆటగాడే!

ఆ శీతాకాలంలోనే బాండ్స్ ఆరేళ్లకు 4.375 కోట్ల డాలర్ల ఒప్పందంతో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిపోయాడు. ఆ తర్వాత 1993 నుంచి 2012 దాకా వరుసగా 20 సీజన్లు పైరేట్స్‌కు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. అమెరికా ప్రధాన లీగుల్లో ఏ జట్టుకూ ఇంత పొడవైన వరుస లేదు.

కారణం చాలావరకు డబ్బు. ఐపీఎల్ వేలంలో అన్ని జట్లకూ పర్సు ఒకటే. అమెరికా బేస్‌బాల్‌లో జీతాలకు గట్టి పరిమితి లేదు, కనీసం ఇంత ఖర్చు పెట్టాలన్న నిబంధనా లేదు. న్యూయార్క్ లాంటి పెద్ద ఊరి జట్టుకు టీవీ ఆదాయం ఎక్కువ. చిన్న ఊరి జట్టు ఆటగాడిని తయారు చేస్తుంది, అతను ఖరీదయ్యేలోపు వేరే జట్టుకు ఇచ్చేస్తుంది. పోటీ పడి ఓడితే అభిమాని సర్దుకుంటాడు. పోటీయే పడటం లేదన్న అనుమానం మాత్రం అతన్ని తినేస్తుంది. పైరేట్స్ విషయంలో ఆ అనుమానం అన్యాయమైనదని నేను అనుకోను. ప్రజాధనంతో కట్టిన కొత్త స్టేడియం 2001లో తెరిస్తే, ఆ ఏడాదే జట్టు 100 మ్యాచ్‌లు ఓడింది. 2007 జూన్ 30న కొందరు అభిమానులు ఆట మధ్యలో సీట్లు వదిలేసి నిరసన తెలిపారు. 2010లో లీకైన లెక్కల్లో తేలిందేమిటంటే, జట్టు ఓడుతున్న ఆ ఏళ్లలోనే యాజమాన్యానికి లాభాలు వచ్చాయి. అదే ఊళ్లో ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్, ఐస్ హాకీ జట్టు పెంగ్విన్స్ 2009లో కప్పులు గెలిచాయి.

2013లో 94 గెలుపులతో ఊరు ఊపిరి పీల్చుకుంది. మూడేళ్లు వరుసగా ప్లేఆఫ్స్ ఆడారు. 2018 జనవరిలో, మూడు రోజుల వ్యవధిలో, స్టార్ ఆటగాళ్లు గెరిట్ కోల్‌నూ, ఊరంతా ప్రేమించిన ఆండ్రూ మెకచెన్‌నూ వేరే జట్లకు ఇచ్చేశారు. 2025లో లీగ్ ఉత్తమ పిచ్చర్‌గా (బంతి విసిరే ఆటగాడిగా) సై యంగ్ అవార్డు పైరేట్స్ కుర్రాడు పాల్ స్కీన్స్‌కే వచ్చింది, జట్టు మాత్రం 91 ఓడింది. స్కీన్స్‌కు జట్టు మారే స్వేచ్ఛ 2029 సీజన్ తర్వాత వస్తుంది. అభిమానులు ఇప్పటినుంచే ఆ ఏడాది గురించి టెన్షన్ పడుతున్నారు.