మూడో వైనరీకి వచ్చేసరికి నాలుక ఎందుకు మొరాయిస్తుంది?

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండే మనవాళ్ల ఇంటికి చుట్టాలో స్నేహితులో వస్తే, గోల్డెన్ గేట్ వంతెన చూపించాక తర్వాతి వంతు మామూలుగా నాపా లోయదే. పొద్దున్నే బయల్దేరితే గంటా గంటన్నరలో చేరిపోవచ్చు, రెండు మూడు వైనరీలు, అంటే వైన్ తయారుచేసి రుచి చూపించే చోట్లు, తిరిగి, తోటల్లో ఫొటోలు దిగి, చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. మేమూ అలాగే వెళ్లాం. మొదటి చోట ప్రతి గ్లాసునీ మెచ్చుకున్న మా బ్యాచ్ మూడో చోట "అన్నీ ఒకేలా ఉన్నాయిరా" అని చేతులెత్తేసింది. తాగింది ఎక్కువై కాదు, అంతకుముందే లాలాజలం ఓడిపోయింది. ఆ సంగతికి వస్తాను.

ముందు చలి గురించి చెప్పాలి. సెప్టెంబరు కదా, ఎండ కాస్తుందని పల్చటి చొక్కాలతో వచ్చినవాళ్లు లోయ దక్షిణ కొసన కార్నెరోస్‌లో కారు దిగగానే వణికారు. తూర్పున కాలిఫోర్నియా లోపలి మైదానం పగలంతా కాగుతుంది, అక్కడి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, దాని చోటు నింపడానికి పసిఫిక్ మీది చల్లగాలి పొగమంచుని వెంటేసుకుని శాన్ పాబ్లో అఖాతం మీదుగా లోయలోకి చొరబడుతుంది. అందుకే ఇక్కడ దక్షిణం చల్లన, ఉత్తరం వెచ్చన. 50 కిలోమీటర్లు కూడా లేని లోయలో ఒక కొసన పినో నువార్, షార్డనే రకాల ద్రాక్ష పండిస్తుంటే, రెండో కొసన కాలిస్టోగా వైపు వేడి కోరుకునే కాబర్నే సావిన్యాన్ పండిస్తున్నారు. పగటి ఎండ ద్రాక్షలో చక్కెర పెంచుతుంది, రాత్రి చలి పులుపుని కాపాడుతుంది. వేడి మరీ ఎక్కువైతే తీగ ఆ పండులో పులుపునిచ్చే మాలిక్ ఆమ్లాన్నే ఖర్చుపెట్టేసుకుంటుంది, వైన్ చప్పగా తయారవుతుంది.

ఒక తోటలో కాబర్నే పండు కోసి చేతిలో పెట్టారు. సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూ ఉంది, దట్టమైన నీలం, తోలు మందం, లోపల గింజలు. హైదరాబాద్ చుట్టుపక్కల పండే పెద్ద పెద్ద అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తిని పెరిగినవాళ్లకి ఇది పండులా అనిపించదు. కానీ కొరికితే తీపి అదిరిపోతుంది, కోతకొచ్చిన కాబర్నే రసంలో చక్కెర 24, 25 శాతం దాకా ఉంటుంది. గుజ్జుకి మాత్రం రంగు లేదు. ఎర్ర వైన్‌కి రంగు వచ్చేది తోలు నుంచి, వగరు వచ్చేది తోలు నుంచి, గింజల నుంచి. పండు చిన్నదైతే రసంతో పోలిస్తే తోలు ఎక్కువ, అందుకే ఇంత చిన్న పండంటే వాళ్లకి ముద్దు.

ఇక గ్లాసు. వైన్‌ని గుండ్రంగా తిప్పి వదిలితే గాజు లోపలి గోడ మీద చారలు కట్టి చుక్కలు జారతాయి. వైన్ కన్నీళ్లు అంటారు వాటిని. ఎంత నిదానంగా జారితే అంత గొప్ప వైన్ అని పక్క టేబుల్ ఆయన తనతో వచ్చినవాళ్లకి చెబుతున్నాడు. పాపం, వాళ్లు నమ్ముతున్నారు కూడా. జరిగేది ఇది: గోడకి అంటిన పల్చటి పొరలోంచి ఆల్కహాల్ ముందు ఆవిరైపోతుంది, మిగిలిన దాంట్లో నీటి వాటా పెరుగుతుంది, నీటికి తలతన్యత (పైపొర బిగువు) ఎక్కువ కాబట్టి ఆ పొర కింది వైన్‌ని పైకి లాక్కుంటుంది, బరువు పెరిగాక చుక్కై జారుతుంది. 1855లోనే జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రవేత్త దీన్ని వివరించాడు. గ్లాసుని అరచేత్తో మూసి చూడండి, ఆవిరి ఆగిపోతుంది, కన్నీళ్లూ ఆగిపోతాయి. ఆల్కహాల్ ఎంతుందో కాస్త తెలుస్తుందేమో గానీ నాణ్యత గురించి అది ఏమీ చెప్పదు.

అసలు పనంతా ముక్కుది. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తీసుకుంటే పులుపు, వగరు, కాస్త చేదు, ఆల్కహాల్ మంట తెలుస్తాయి, అంతే. చెర్రీ, చాక్లెట్, పొగాకు అని వైనరీవాళ్లు ఇచ్చిన కాగితం మీద రాసిన రుచులన్నీ మాయం. ముక్కు వదలగానే నోటి వెనక నుంచి వాసన పైకెక్కి అన్నీ తిరిగొస్తాయి. కాబర్నేలో కొన్నిసార్లు క్యాప్సికం వాసన తగులుతుంది. అది నిజంగా క్యాప్సికంలో ఉండే పైరజీన్ అణువే. గ్రాముని వంద కోట్ల భాగాలు చేస్తే అందులో పది పదిహేను భాగాలు లీటరు వైన్‌లో ఉన్నా చాలు, ముక్కు పట్టేస్తుంది. గుత్తులకి ఎండ తగిలితే ఇది తగ్గుతుంది, తీగల దగ్గర ఆకులు దూసేసి ఉండటానికి అదొక కారణం.

సిరా (Syrah) అనే ఇంకో ఎర్ర వైన్ గ్లాసు దగ్గర గొడవ వచ్చింది. మిరియాల ఘాటు ఉందని అందరం అంటుంటే ఒకడు మాత్రం "మిరియాలా, ఎక్కడ?" అని ఒకటే వాదన. వాడు అబద్ధం ఆడట్లేదు. ఆ వాసన రొటండోన్ అనే అణువుది, మిరియాల్లోనూ ఉండేది అదే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో దీని గుట్టు విప్పారు, సుమారు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదని కూడా తేల్చారు. ఒకే సీసాలోంచి పోసుకున్నా అందరం తాగింది ఒకే వైన్ కాదన్నమాట.

ఇప్పుడు వగరు సంగతి. నేరేడు పళ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టు అవుతుంది చూడండి, ఎర్ర వైన్‌లోనూ అదే. టానిన్లనే వగరు పదార్థాలు లాలాజలంలోని ప్రొటీన్లని పట్టుకుని ముద్ద కట్టిస్తాయి, నోటి జారుడు పోతుంది, నాలుక చెంపలకి రాసుకున్నట్టు గరుకుగా అనిపిస్తుంది. ఒక గుక్కకీ ఇంకో గుక్కకీ మధ్య లాలాజలం కోలుకునే తీరిక లేకపోతే ఈ వగరు పేరుకుంటూ పోతుంది. అందుకే మధ్యాహ్నం మూడింటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. మధ్యలో చీజ్ ముక్క పెట్టేది మర్యాదకి మాత్రమే కాదు, దాని కొవ్వు, ప్రొటీన్ టానిన్లని కొంత కట్టడి చేస్తాయి.

మావాళ్లలో ఒకావిడ బ్యాగులోంచి కారప్పూస తీసింది. మనం ఎక్కడికెళ్లినా ఇది తప్పదు. కానీ కారం మీద 15 శాతం ఆల్కహాల్ ఉన్న కాబర్నే పడితే మంట రెట్టింపైనట్టు ఉంటుంది. నోట్లో మిరపకాయకి స్పందించే గ్రాహకమే (మంటని పసిగట్టే ప్రొటీన్) వేడికీ స్పందిస్తుంది. మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేలుకునే ఆ గ్రాహకం ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీలకే మేలుకుంటుంది, అంటే ఒంటి వేడే దానికి నిప్పులా తోస్తుంది. చల్లటి, కాస్త తీపి ఉన్న తెల్ల వైన్ అయితే కారప్పూసతో సర్దుకుపోతుంది.

మెదడు చేసే మోసం వీటన్నిటికీ పైన. 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు తెల్ల వైన్‌కి వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైన్ శాస్త్రం చదివే 54 మందికి ఇస్తే, వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. 2008లో కాలిఫోర్నియాలో ఒకే వైన్‌ని ఒకసారి 10 డాలర్లని, ఇంకోసారి 90 డాలర్లని చెప్పి తాగించి మెదడు స్కాన్ తీశారు. 90 అన్నప్పుడు నచ్చిందని నోటితో చెప్పడమే కాదు, ఆనందానికి సంబంధించిన భాగం నిజంగానే ఎక్కువ చురుగ్గా పనిచేసింది. కాబట్టి ఖరీదైన టేస్టింగ్‌లో పొందిన ఆనందాన్ని నటన అనలేం.

నాపాకి పేరొచ్చింది కూడా లేబుల్ దాచిపెట్టడం వల్లే. 1976 మే 24న పారిస్‌లో సీసాలకి ముసుగేసి ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్లకి పోటీ పెడితే, ఫ్రెంచి న్యాయనిర్ణేతల మార్కుల్లో తెల్ల వైన్లలో షాటో మాంటెలీనా, ఎర్ర వైన్లలో స్టాగ్స్ లీప్ ముందు నిలిచాయి. రెండూ నాపా వైనరీలే, రెండు వైన్లూ 1973 పంటవే.

ఆల్కహాల్ లెక్క కూడా చూసుకోవాలి. ఒక్కో రుచికి 30 మి.లీ. చొప్పున ఐదు పోస్తే 150 మి.లీ., అందులో సుమారు 17 గ్రాముల ఆల్కహాల్. మూడు వైనరీలకి 50 గ్రాములు దాటుతుంది, అమెరికా లెక్కలో (ఒక డ్రింకంటే 14 గ్రాములు) మూడు డ్రింకులు దాటి నాలుగుకి దగ్గర. పోసేవాళ్లు చెయ్యి జారనిస్తే ఇంకా ఎక్కువ. దీనికి విరుగుడుగా ప్రతి టేబుల్ మీదా ఉమ్మేయడానికి ఒక గిన్నె ఉంటుంది, వైన్ వృత్తిలో ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా వాడతారు. డాలర్లు పోసి కొన్నది ఉమ్మేయడానికి మనకి మాత్రం ప్రాణం ఒప్పదు. ఒప్పకపోతే డ్రైవర్‌ని పొద్దున్నే తేల్చుకోండి.

కొన్న సీసాలు డిక్కీలో పడేసి ఇంకో వైనరీకి వెళ్తే తిరిగొచ్చేలోపు ఎండకి వైన్ వ్యాకోచించి బిరడాని పైకి నెట్టొచ్చు, రుచి ఉడికిన పండులా మారొచ్చు. ఐస్‌బాక్స్ ఒకటి వెంట ఉంటే నయం, లేదంటే కొనుగోళ్లు చివరి చోటే పెట్టుకోవాలి. ఇండియాకి సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి 2 లీటర్లు, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. మూడోది పెడితే పావు లీటరు ఎక్కువవుతుంది.