తెల్ల మచ్చకు ముందు

హైదరాబాద్ కంటి ఆసుపత్రుల్లో మధుమేహ రోగుల రెటీనాకు (కంటి వెనుక కాంతిని గ్రహించే పొర) లేజర్ చికిత్స చేసే వైద్యులు చాలాకాలంగా నమ్ముకున్న కొలత ఒక్కటే: కిరణం తగిలిన చోట లేత తెల్లని మచ్చ కనిపించాలి. పెనం మీద గుడ్డుసొన తెల్లబడడానికి కారణమేదో దీనికీ అదే. వేడికి ప్రోటీన్లు విచ్చుకుని ముద్దకట్టి, అంతవరకు దాటిపోయిన కాంతిని చెదరగొడతాయి. జర్మన్ వైద్యుడు మేయర్ ష్విక్కెరాత్ 1940ల చివర సూర్యకాంతితో, తరువాత జెనాన్ దీపంతో రెటీనాను అతికించినప్పుడూ, 1960లో లేజర్ వచ్చాకా ఈ కంటి అంచనాయే ఆధారం. చిక్కేమిటంటే, మచ్చ కనిపించేసరికి కణజాలం ఉడికిపోయి ఉంటుంది.

1947లో పరిశోధకులు మోరిట్జ్, హెన్రిక్స్ పందుల చర్మంపై చేసిన ప్రయోగాలు వేడి చేసే నష్టంలో కాలం పాత్రను బయటపెట్టాయి. 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర చర్మం పూర్తిగా చెడడానికి సుమారు 6 గంటలు పడితే, 70 డిగ్రీల దగ్గర ఒక సెకను కూడా పట్టలేదు. 44, 51 డిగ్రీల మధ్య ఒక్కో డిగ్రీకి ఆ వ్యవధి దాదాపు సగమవుతూ వచ్చింది. అందువల్ల ఉష్ణమాపకం చూపే అంకె ఒక్కటే నష్టాన్ని చెప్పలేదు, పైగా కణజాలంలో గుచ్చిన ఉష్ణమాపక సూది ఒక్క బిందువు వేడినే చెబుతుంది, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పైపొరనే చూస్తుంది.

కణజాలంపై పడిన కాంతిలో వచ్చే మార్పును చదివే కాంతి కొలతల అసలు విలువ ఇక్కడే ఉందని నా అభిప్రాయం, ఎందుకంటే అవి వేడిని కాక, వేడికి కణజాలం ఇచ్చే జవాబును కొలుస్తాయి. వెచ్చబడగానే రక్తనాళాలు విప్పారి హిమోగ్లోబిన్ శోషణ పెరుగుతుంది. ఇంకా వేడెక్కితే రక్తం గడ్డకట్టి ప్రవాహం ఆగుతుంది. 60 డిగ్రీలు దాటాక కొల్లాజెన్ (కణజాలాన్ని పట్టి ఉంచే ప్రోటీన్) పోగుల అమరిక చెదరడంతో ధ్రువిత కాంతిపై, అంటే ఒకే దిశలో కంపించే కాంతిపై, వాటి ప్రభావం తగ్గుతుంది. కణజాలం లోపలి పొరలను కాంతితో చిత్రించే, 1991లో వెలువడిన ఆప్టికల్ కొహిరెన్స్ టోమోగ్రఫీ నుంచి పుట్టిన పద్ధతులు ఈ చివరి మార్పును పొరలవారీగా చూపగలిగాయి.

మన దేశంలో ఈ కొలతలకు ముఖ్యమైన అడ్డంకి చర్మానికి, కంటికి రంగునిచ్చే మెలనిన్. ముదురు వర్ణద్రవ్యం కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది కనుక, లేత చర్మంపై సరిచూసిన పరికరం ఇక్కడ తప్పు చెప్పవచ్చు. తెల్లజాతి రోగులకంటే నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ లోటును, వేలి గుండా కాంతిని పంపి కొలిచే పల్స్ ఆక్సిమీటర్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయాయని 2020లో అమెరికా అధ్యయనం ఒకటి చూపింది. కంటి లోపలి వర్ణకానికీ ఇదే వర్తిస్తుంది: ఒకే లేజర్ శక్తి ఒకరికి చాలకపోవచ్చు, మరొకరికి మితిమీరవచ్చు. అందుకే వైద్యులు తక్కువ శక్తితో మొదలుపెట్టి, మచ్చ లేతగా పడేదాకా మెల్లగా పెంచుతూ వెళతారు.