లాటిన్ బాక్సర్ల ‘మధ్య పేరు’: అపోహలు - వాస్తవాలు

క్రీడా డెస్కులో బాక్సింగ్ వార్తలు దిద్దే నన్ను కొత్తగా చేరినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఈ మెక్సికో బాక్సర్ల పేర్లు ఇంత పొడుగేమిటండీ, మధ్య పేరు తీసేయవచ్చా?’ తీసేయకూడదు.

అపోహ: మెక్సికో బాక్సర్ హులియో సెసార్ చావెజ్‌లో ‘సెసార్’ మధ్య పేరు.

కానే కాదు. ‘హులియో సెసార్’ రెండూ కలిసే ఆయనకు పెట్టిన పేరు. మన రామకృష్ణలో కృష్ణను మధ్య పేరంటామా? ఆ తర్వాత వచ్చే చావెజ్ తండ్రి ఇంటిపేరు. దాని వెనక తల్లి ఇంటిపేరు గొంజాలెజ్. స్పానిష్ మాట్లాడే దేశాల్లో చాలావరకు ఇదే వరస. వాడుకలో తల్లి ఇంటిపేరు వదిలేస్తారు, పెట్టిన పేరు మాత్రం చాలామందికి జంటగానే నిలుస్తుంది.

ఇంగ్లిషు పేర్లకు అలవాటుపడినవాళ్లు చివరి మాటే ఇంటిపేరనీ, నడిమిది తీసేసినా నష్టం లేదనీ అనుకుంటారు. అసలు నష్టం అక్కడే. పూర్తి పేరులో చివరి మాట పట్టుకుని ‘గొంజాలెజ్’ అని రాస్తే, పాఠకుడికి నికరాగువా బాక్సర్ రోమన్ గొంజాలెజ్ గుర్తొస్తాడు. ‘సెసార్ చావెజ్’ అని కత్తిరిస్తే అమెరికాలో వ్యవసాయ కూలీల కోసం పోరాడి 1993 ఏప్రిల్‌లో మరణించిన నాయకుడవుతాడు. మన బాక్సరేమో అదే ఏడాది ఫిబ్రవరిలో, మెక్సికో సిటీలోని అజ్టెకా స్టేడియంలో లక్షా 30 వేల మందికి పైగా జనం ముందు గ్రెగ్ హాగెన్‌ను ఓడించాడు.

ఆయన కొడుకు పేరు కూడా హులియో సెసార్ చావెజే. అమెరికాలో ‘జూనియర్’ అని తేడా చూపిస్తారు. స్పానిష్ పద్ధతిలో ఆ తోక అక్కర్లేదు. తండ్రి చావెజ్ గొంజాలెజ్, కొడుకు చావెజ్ కరాస్కో. తల్లి ఇంటిపేరు చెబితే చాలు, ఎవరెవరో తేలిపోతుంది.

2012 డిసెంబరు 8న లాస్ వేగాస్‌లో మెక్సికో బాక్సర్ హువాన్ మాన్యువెల్ మార్కెజ్ ఆరో రౌండులో కొట్టిన కుడిచేతి దెబ్బకు ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పాకియావో బోర్లా పడి కదల్లేదు. మనకప్పుడు ఆదివారం. మా డెస్కులో కొత్త కుర్రాడు ‘మాన్యువెల్ దెబ్బకు పాకియావో పతనం’ అని శీర్షిక పెట్టాడు. లోకమంతా ‘మానీ’ అని పిలిచేది పాకియావోనే! ఇక చదివేవాళ్లకు ఎవరు ఎవరిని కొట్టారని అర్థమవుతుంది? దిద్దమన్నప్పుడు ఆ అబ్బాయి చేతులు వణికాయి, ఉద్యోగం పోతుందేమోనని. అందులో అతని తెలివితక్కువతనమేమీ లేదు. మనం నింపే ప్రతి ఫారమూ మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అనే మూడు గళ్లే నేర్పింది. చోటు చాలకపోతే తండ్రి ఇంటిపేరు ‘మార్కెజ్’ ఒక్కటే ఉంచమన్నాను. దానికీ ఒక జాగ్రత్త ఉంది. ఆయన తమ్ముడు రఫాయెల్ మార్కెజ్ కూడా ప్రపంచ చాంపియనే. 2010 నవంబరులో ఆ తమ్ముణ్ని ఓడించినవాడి పేరు హువాన్ మాన్యువెల్ లోపెజ్! పోర్టోరికో అభిమానులు లోపెజ్‌ను ‘హువాన్మా’ అంటారు. ముద్దుపేరులోనూ రెండు పేర్లూ ఉన్నాయి చూడండి.

అపోహ: గెలుపోటముల రికార్డు దాచుకోవడానికి, లేదా సంఖ్యాశాస్త్రం కోసం రెండు పేర్లు పెట్టుకుంటారు.

ఈ పుకారు ఎవరు పుట్టిస్తారో గానీ విని విని విసిగిపోయాను. అమెరికాలో 1996 నాటి చట్టం ప్రకారం ప్రొఫెషనల్ బాక్సర్‌కు ఫోటోతో గుర్తింపు కార్డు, దానిపై ఒక సంఖ్య ఉంటాయి. పేరు మార్చి రికార్డు దాచడం అంత తేలిక కాదు. అసలు కారణం చాలా మామూలుది. హువాన్, హోసే, లూయిస్ లాంటి పేర్లవాళ్లు వీధికొకరుంటారు. లోపెజ్, హెర్నాండెజ్, గొంజాలెజ్ ఇంటిపేర్లూ అంతే. ఉత్త ‘హువాన్ లోపెజ్’ అని పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారో! రెండో పేరు చేరితేనే మనిషి తెలుస్తాడు.

అపోహ: అందరూ రెండు పేర్లూ వాడతారు.

లేదు. పోర్టోరికో బాక్సర్ మిగెల్ కోటో పూర్తి పేరు మిగెల్ ఆంఖెల్ కోటో వాస్కెజ్. మెక్సికో బాక్సర్ కనెలో అసలు పేరు సాంతోస్ సౌల్ అల్వారెజ్ బర్రగాన్, వాడుకలో నిలిచింది రెండో పేరు సౌల్. ‘కనెలో’ ముద్దుపేరు మాత్రమే.

అపోహ: ఫిలిప్పీన్స్ వాళ్లదీ ఇదే పద్ధతి.

ఇమాన్యుయెల్ డాపిడ్రాన్ పాకియావోలో డాపిడ్రాన్ తల్లి ఇంటిపేరు, పాకియావో తండ్రిది. అంటే వరస తిరగబడింది. అక్కడ నడిమి మాటను ‘మధ్య పేరు’ అనవచ్చు. బ్రెజిల్‌లోనూ సాధారణంగా తల్లి ఇంటిపేరే ముందు వస్తుంది, కాబట్టి ఆ దేశపు బాక్సర్ల విషయంలో చివరి మాట ఉంచండి.